గణితం గెలిచినా పందెందారు ఓడే పందెం

భిలాయ్: గుర్రప్పందేల ప్రస్తావనకు భిలాయ్ ఉక్కునగరం అనువైన చోటు కాదని ఎవరికైనా తోచవచ్చు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో రేసుకోర్సు లేదు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం దరిమిలా వెలసిన ఈ పట్టణంలో కాలాన్ని లెక్కించేది కర్మాగారపు షిఫ్టులే. రాయపూర్-విజయనగరం రైలు మార్గం మీదుగా ఉత్తరాంధ్ర నుంచి వచ్చి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గుర్రప్పందెమంటే హైదరాబాద్‌లోని మలక్‌పేట సంగతే తప్ప తమ వీధి సంగతి కాదు. అయినప్పటికీ పందెం అన్న మాట వినగానే దేశమంతటా భిలాయ్ పేరు స్ఫురించే పరిస్థితి 2023లో ఏర్పడింది. దానికి కారణం 'మహదేవ్ ఆన్‌లైన్ బుక్' ఉదంతం.

ఈ పందేల యాప్ ప్రధాన నిర్వాహకులు భిలాయ్ వాస్తవ్యులేననీ, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి వ్యాపారం సాగించారనీ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ వెల్లడించింది. క్రికెట్, ఫుట్‌బాల్, టెన్నిస్, పేకాట - దేనిమీదనైనా పందెం కాయవచ్చు. ఊరూరా 'ప్యానెళ్లు' తెరిచి, లాభాన్ని 70-30 నిష్పత్తిలో పంచుకున్నారన్నది దర్యాప్తు సంస్థ అభియోగం. మొత్తం మీద ప్యానెల్ యజమానికి ఎన్నడూ నష్టం రాకుండా ఆటలను అమర్చారనీ, మొదట్లో కొంత గెలిచినవారు సైతం చివరకు పోగొట్టుకోక తప్పదనీ ఆ సంస్థ పేర్కొంది. ఇవి అభియోగాలు మాత్రమే. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. 2023 నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఈ యాప్ సహా 22 యాప్‌లను, వెబ్‌సైట్లను నిరోధించింది. ఆ మరుసటి సంవత్సరం రాష్ట్ర ప్రభుత్వం కేసులను సీబీఐకి అప్పగించింది.

యాప్ మూతపడినా ఫోను మూతపడలేదు. అదే ఫోనులో ఇప్పుడు మరొక ఆకర్షణ దొరుకుతుంది. కంప్యూటర్ లెక్కకట్టిన గుర్రాల రేటింగులు! 'ఇది జూదం కాదు, గణితం' అన్నది దాని మంత్రం. మొదటి యాప్‌లో మోసపోయినవాడికి ఈ మాట ఊరట కలిగిస్తుంది. చదువుకున్న ఉద్యోగికి, ముఖ్యంగా కొలిమిలో ఇనుప ఖనిజం, కోక్ పాళ్లను కంప్యూటర్ నిర్ణయించడం కళ్లారా చూసే ఉక్కు కార్మికుడికి, గుర్రం పరుగును మాత్రం కంప్యూటర్ ఎందుకు లెక్కకట్టలేదన్న ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది. లెక్కకట్టగలదు. అందులో సందేహం లేదు. అయితే ఆ లెక్క వల్ల భారతదేశంలో పందెందారుకు దక్కేదేమిటన్నది వేరే ప్రశ్న. దీనికి జవాబు గుర్రం కాళ్లలో కాక పన్నుల చట్టంలో ఉన్నదన్న సంగతిని రేటింగులు అమ్మేవారు చెప్పరు.

రెండు రేటింగులు, రెండు లక్ష్యాలు

రేటింగ్ అన్న మాటకు రేసు మైదానంలో రెండు అర్థాలున్నాయి. మొదటిది క్లబ్ నియమించిన అధికారి ఇచ్చేది. గెలిచిన గుర్రానికి పాయింట్లు పెంచి, ఓడుతూ వచ్చిన దానికి తగ్గించి, ఆ పాయింట్లను బట్టి బరువు నిర్ణయిస్తారు. భారతదేశంలో ఒక పాయింటు అంటే అర కిలో. 60 పాయింట్ల గుర్రం, 50 పాయింట్ల గుర్రం ఒకే పందెంలో దిగితే మొదటిది రెండోదానికంటే 5 కిలోలు అదనంగా మోయాలి. జాకీ తూకం చాలకపోతే జీనులో సీసపు బిళ్లలు పెడతారు. దీన్నే హ్యాండీక్యాప్ అంటారు. 1855లో ఇంగ్లండులో హ్యాండీక్యాపర్‌గా నియమితుడైన అడ్మిరల్ రౌస్ ఈ విద్యకు శాస్త్రీయ రూపం ఇచ్చాడు. వయసును బట్టి, దూరాన్ని బట్టి, నెలను బట్టి గుర్రం మోయవలసిన బరువుకు ఆయన తయారు చేసిన పట్టికే నేటికీ ప్రపంచమంతటా పునాది.

ఈ అధికారి ఆదర్శం విచిత్రమైనది. పందెంలోని గుర్రాలన్నీ ఒకే క్షణంలో గమ్యం చేరాలన్నదే ఆయన కోరిక! అంటే ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియకుండా చేయడమే ఆయన ఉద్యోగం. రెండో రేటింగ్ పందెందారు వేసుకునేది. అధికారి లెక్కలో పొరపాటు ఎక్కడున్నదో, ఏ గుర్రానికి న్యాయంగా పడవలసినదానికంటే రెండు మూడు కిలోలు తక్కువ పడ్డాయో కనిపెట్టడం దీని పని. ఒకరు దాచిపెట్టినదాన్ని మరొకరు వెతికి పట్టుకునే ఈ ఆటలో కంప్యూటర్ రెండో పక్షాన చేరింది.

కంప్యూటర్ రాకముందే ఈ పక్షాన ఘనాపాటీలు ఉన్నారు. లీడ్స్‌లో గణితం చదివిన ఫిల్ బుల్ 1948లో ఇంగ్లండులో ప్రారంభించిన 'టైమ్‌ఫామ్' రేటింగులు నేటికీ ప్రామాణికంగా చెలామణి అవుతున్నాయి. అమెరికాలో ఆండ్రూ బేయర్ అనే పాత్రికేయుడు ఒక్కొక్క మైదానం ఆ రోజు ఎంత వేగంగా ఉన్నదో లెక్కగట్టి, పరుగు సమయాన్ని దానికి అనుగుణంగా సవరించి, వేగాన్ని ఒకే అంకెగా మార్చాడు. 1975లో ఆయన పుస్తకం వెలువడింది. 1992 నుంచి ఆయన అంకెలు 'డెయిలీ రేసింగ్ ఫామ్' పత్రికలో అచ్చవుతున్నాయి. హార్వర్డ్‌లో ఛాసర్ కవి మీద చివరి పరీక్ష ఎగ్గొట్టి 1966లో బెల్మాంట్ పందేలకు వెళ్లినవాడు ఈయన. పట్టా పోయింది గాని ఆ రోజు పందెం గెలిచాడు. తండ్రులు పిల్లలకు చెప్పదగిన ఉదాహరణ కాదన్నది వేరే విషయం.

ప్రపంచ స్థాయి పందేలకూ ఇలాంటి అంకెలే ఆధారం. 2012లో ఇంగ్లండు గుర్రం ఫ్రాంకెల్‌కూ, 2022లో అమెరికా గుర్రం ఫ్లైట్‌లైన్‌కూ అంతర్జాతీయ హ్యాండీక్యాపర్లు 140 పాయింట్లు ఇచ్చారు. పదేళ్ల తేడాతో, రెండు ఖండాలలో, ఒకటి పచ్చిక మీద, మరొకటి మట్టి మీద పరుగెత్తిన గుర్రాలను ఒకే తరాజులో తూచగలగడం సామాన్య విషయం కాదు. రేటింగ్ అనేది అంజనం వేసి చూసే విద్య కాదనడానికి ఇదే నిదర్శనం.

హాంకాంగ్ అనుభవం

కంప్యూటర్‌తో గుర్రప్పందేలలో నిజంగా సంపన్నుడైన వ్యక్తిగా ప్రపంచం గుర్తించినది విలియం బెంటర్‌ను. పిట్స్‌బర్గ్‌కు చెందిన ఈ అమెరికన్ తొలుత లాస్ వెగాస్‌లో పేక ముక్కలు లెక్కపెట్టి బతికాడు. కాసినోలు గెంటివేయడంతో 1980 దశకం మధ్యలో అలన్ వుడ్స్ అనే ఆస్ట్రేలియన్ భాగస్వామితో హాంకాంగ్ చేరాడు. రూత్ బోల్టన్, రాండల్ చాప్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ప్రచురించిన వ్యాసం ఆయనకు దారి చూపింది. గుర్రం గత పరుగులు, మోసిన బరువు, జాకీ, బయలుదేరే స్థానం తదితర అంశాలను ఒక సమీకరణంలో పెట్టి, పందెంలోని ప్రతి గుర్రానికీ గెలుపు అవకాశం శాతాలలో ఎంతో చెప్పవచ్చునని ఆ వ్యాసం ప్రతిపాదించింది.

బెంటర్ తన అనుభవాన్ని 1994లో ఒక పరిశోధన పత్రంలో బయటపెట్టాడు. అందులో రేటింగ్ వ్యాపారులు ఎన్నడూ చెప్పని ఒక అంగీకారం ఉంది. కంప్యూటర్ లెక్కను ఒంటరిగా నమ్మితే నష్టమే మిగులుతుంది. మైదానంలో జనం కాసిన పందేలను బట్టి తేలే ధరలలో కంప్యూటర్‌కు అందని సమాచారం ఎంతో ఇమిడి ఉంటుంది. కనుక జనం అంచనాను కూడా సమీకరణంలో కలుపుకున్న తర్వాతే ఆయన లాభం చూశాడు. గుర్రాలశాలలో ఆ ఉదయం ఏ గుర్రం మేత ముట్టలేదో, ఏ శిక్షకుడి మనసులో ఏమున్నదో కంప్యూటర్‌కు తెలియదు, ఎవరికో ఒకరికి తెలుస్తుంది, ఆ ఒకరు పందెం కాస్తారు, ధర కదులుతుంది. పామరులని కొట్టిపారేసే జనసమూహం దగ్గర గణితవేత్త పాఠం నేర్చుకోవలసి వచ్చిందన్నమాట.

బెంటర్ విజయానికి ఆయన మేధ ఒక్కటే కారణం కాదు. హాంకాంగ్‌లో ఉన్నవి హ్యాపీ వ్యాలీ, షా టిన్ అనే రెండే మైదానాలు. అక్కడి గుర్రాలు బయటికి పోకుండా తమలో తామే మళ్లీ మళ్లీ తలపడుతుంటాయి గనుక ఏది ఎంతటిదో తూచడం సులభం. ప్రతి పరుగు వివరమూ పక్కాగా నమోదవుతుంది. పందెపు నిధి అపారం. లక్షలు కాసినా ధర చలించదు. అన్నిటికన్నా ముఖ్యం, గెలుపు పందేల నిధి నుంచి క్లబ్, ప్రభుత్వం కలిసి మినహాయించుకునేది 17.5 శాతం మాత్రమే. 2001లో ఆయన బృందం కొట్టిన దాదాపు 11.8 కోట్ల హాంకాంగ్ డాలర్ల 'ట్రిపుల్ ట్రయో' బహుమతిని ఆయన తీసుకోకుండా వదిలిపెట్టిన కథ జగద్విదితం. ఆ కథ చెప్పేవారు మొదటి సీజన్లలో ఆయన తెచ్చుకున్న పెట్టుబడి ఊడ్చుకుపోయిన సంగతి సాధారణంగా చెప్పరు.

మలక్‌పేటలో ఈ పరిస్థితులు ఎంతవరకు ఉన్నాయి? ఆరో నిజాం కాలం నుంచి గుర్రాల డెక్కల చప్పుడు ఎరిగిన మైదానం అది. పరుగుల ఫలితాలు, సమయాలు ప్రచురితమవుతాయి. తెల్లవారుజామున ఏ గుర్రం 1000 మీటర్లను ఎన్ని సెకన్లలో ముగించిందో కూడా పత్రికలు ఇస్తాయి. కానీ గుర్రాలు హైదరాబాద్, బెంగళూరు, మైసూరు, ముంబయి, పుణె, కోల్‌కతా కేంద్రాల మధ్య తిరుగుతుంటాయి. ఒక్కొక్క మైదానం వంపు వేరు, పచ్చిక వేరు, వానాకాలపు మెత్తదనం వేరు. ఇవి కాక మన అభిమానులు గుసగుసగా చెప్పుకునే మరొక అంశం ఉంది. రేటింగ్ తగ్గితే బరువు తగ్గుతుంది గనుక, ఈ వారం గుర్రాన్ని పూర్తి శక్తితో పరుగెత్తించకుండా బిగపట్టాలన్న ప్రలోభం హ్యాండీక్యాప్ పద్ధతిలోనే దాగి ఉంది. స్టీవార్డుల విచారణలు ఉన్నది అందుకే. ఓడిన గుర్రం చేతకాక ఓడిందో, చేయనివ్వక ఓడిందో ఏ కంప్యూటర్‌కూ తెలియదు. దానికి రెండూ ఒకే అంకె.

నూట నలభై లెక్క

ఇంతవరకు చెప్పిన ఇబ్బందులు అధిగమించరానివి కావు. ఓపికా, కొన్నేళ్ల రికార్డులూ ఉన్న మేధావి ఎవరైనా భారతీయ పందేలకు మెరుగైన రేటింగ్ తయారు చేయగలడనే అనుకుందాం. అప్పుడు ఆయన జేబుకు ఏమవుతుందో చూడడం అవసరం.

ఒక పందెంలో జనం పెట్టిన మొత్తంలో నాలుగో వంతు ఒక గుర్రం మీద ఉందనుకోవాలి. అంటే జనం దృష్టిలో దాని గెలుపు అవకాశం 25 శాతం. నిధి నుంచి నిర్వాహకులు 20 శాతం మినహాయించుకుంటే, ఆ గుర్రం గెలిచినప్పుడు 100 రూపాయలకు 320 చేతికొస్తాయి. జనం అంచనాయే నిజమైతే, ఇలాంటి పందేలు వంద కాసినవాడికి సగటున ఒక్కొక్క వందకు తిరిగొచ్చేది 80 రూపాయలు. కంప్యూటర్ మాత్రం ఈ గుర్రం అవకాశం 25 కాదు, 35 శాతం అని కనిపెట్టింది. అదే నిజమైతే సగటు రాబడి 112 రూపాయలు. నూటికి పన్నెండు లాభం! పది శాతం తేడాను పసిగట్టడం అరుదైన ప్రతిభ అన్నది గుర్తుంచుకోవాలి. బ్యాంకు వడ్డీతో పోల్చి చూసి ఎవరైనా ఉబ్బిపోవలసిందే.

ఇప్పుడు వస్తు సేవల పన్ను రంగప్రవేశం చేస్తుంది. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు గుర్రప్పందేలను 28 శాతం శ్లాబులో చేర్చారు. పన్ను క్లబ్ కమీషన్ మీదనా, పందెం మొత్తం మీదనా అన్నది వివాదం. పందెం ముఖవిలువ మొత్తం మీదనేనని 2018 జనవరిలో నిబంధన తెచ్చారు. టోట్ నిర్వహించే క్లబ్ ఆర్జించేది కమీషన్ మాత్రమేనంటూ కర్ణాటక హైకోర్టు 2021 జూన్‌లో ఆ నిబంధనను కొట్టివేసింది. అంతటితో ఆగలేదు. 2023 జూలైలో జీఎస్టీ మండలి కాసినోలు, ఆన్‌లైన్ ఆటలు, గుర్రప్పందేలు మూడింటినీ ఒకే గాటన కట్టి పూర్తి ముఖవిలువపై 28 శాతం వసూలు చేయాలని తీర్మానించగా, పార్లమెంటు సవరణతో అది అక్టోబర్ 1 నుంచి అమలైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ రేటు 40 శాతానికి చేరింది. సబ్బులు, టూత్‌పేస్టుల మీద పన్ను తగ్గించిన సంస్కరణలోనే ఇది జరిగింది గనుక పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

పన్నును పందెందారు నుంచే రాబడితే 100 రూపాయల పందెం కాయడానికి జేబు నుంచి పోయేది 140. మన మేధావి కంప్యూటర్ సగటున తెచ్చి ఇచ్చేది 112. పన్నెండు రూపాయల లాభం ఇరవై ఎనిమిది రూపాయల నష్టంగా మారింది. నష్టం లేకుండా బయటపడాలంటే, జనం 25 శాతం అనుకున్న గుర్రానికి నిజమైన అవకాశం దాదాపు 44 శాతం ఉండాలి. అంతటి పొరపాటు జనం అప్పుడప్పుడు చేయవచ్చునేమో గాని పందెం పందెంలోనూ చేయరు. గెలిచిన సొమ్ము మీద 30 శాతం ఆదాయపు పన్ను దీనికి అదనం. ఓడిన పందేలను అందులోంచి మినహాయించుకునే వెసులుబాటు కూడా లేదు. బెంటర్ మహాశయుడు తన కంప్యూటర్లతో సహా మలక్‌పేటలో దిగినా ఈ లెక్క మారదు.

నైపుణ్యానికి జూదపు పన్ను

గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 1996 జనవరి 12న నిర్ద్వంద్వంగా ప్రకటించింది. మద్రాసు పందేలను నిషేధిస్తూ తమిళనాడు చేసిన చట్టం మీద డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ వేసిన కేసు అది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ సామర్థ్యం, గత పరుగుల వివరాలు అందరికీ అందుబాటులో ఉంటాయి గనుక, వాటిని బేరీజు వేసే పందెందారు తెలివికి అందులో తావున్నదన్నది తీర్పు సారాంశం. కంప్యూటర్ రేటింగ్ అంటే సరిగ్గా ఆ బేరీజే. తెలివి ఉన్నదని న్యాయస్థానం ఒప్పుకున్నది. ఆ తెలివికి ఫలితం దక్కకుండా పన్ను విధానం అడ్డుకున్నది. నైపుణ్యపు ఆట, అదృష్టపు ఆట అన్న భేదం చట్టంలో మిగిలింది గాని ఖాతాలో మాసిపోయింది.

గుర్రప్పందేలు సంసారాలను గుల్ల చేసిన మాట నిజం కాదా, వాటిపై ఎంత పన్ను వేస్తేనేం అని వాదించేవారు లేకపోలేదు. ఆ వాదనను తేలికగా తోసిపుచ్చలేం. మలక్‌పేట గేటు దగ్గర నెల జీతం వదిలిపెట్టి ఇంటికి నడిచి వెళ్లినవారి కథలు హైదరాబాద్‌లో కోకొల్లలు. అయితే పన్ను పెరిగితే పందెందారు మానుకుంటాడన్న అంచనా ఇతర దేశాల అనుభవంలో నిలబడలేదు. బ్రిటన్‌లో పందెం మొత్తం మీద పన్ను ఉన్నంతకాలం పందేలు విదేశాలకు తరలిపోయాయి. 2001 అక్టోబర్‌లో దాన్ని రద్దు చేసి, బుక్‌మేకర్ల స్థూల లాభంపై 15 శాతం పన్ను తెచ్చారు. హాంకాంగ్ కూడా దొంగ బుకీల పోటీకి తాళలేక 2006లో మొత్తం మీది పన్నుకు స్వస్తి చెప్పి, బహుమతులు పోగా మిగిలిన సొమ్ము మీద పన్నుకు మారింది. అక్కడి రేటు 72.5 శాతం పైమాటే! ఖజానా దయాదాక్షిణ్యాలతో చేసిన పని కాదది. ఎక్కడ కోస్తే కోడి బతికి ఉంటుందో చూసుకుని చేసిన పని.

ఇక్కడే భిలాయ్ మళ్లీ కథలోకి వస్తుంది. 140 చెల్లించి 100 పందెం కాయవలసిన మైదానం ఒకవైపు ఉంది. అక్కడ స్టీవార్డులు ఉంటారు, ప్రతి గుర్రానికి రికార్డు ఉంటుంది, గెలిచినవాడికి సొమ్ము చేతికొస్తుంది. మరొకవైపు పన్ను లేని, రశీదు లేని, పేరు లేని ఫోను బుకీ ఉన్నాడు. అక్కడ కూడా ఒక కంప్యూటర్ ఉంటుంది. అయితే అది పని చేసేది యజమాని కోసం. క్వార్టరులో రెండో షిఫ్టు ముగించుకొని వచ్చిన ఉద్యోగి రాత్రి పదకొండు గంటలకు తెరిచే ఫోనులో ఈ రెండింటిలో ఏది ముందు కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు. ఛత్తీస్‌గఢ్ జూద నిషేధ చట్టాన్ని కఠినతరం చేసింది. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ఈ చర్యలు అవసరమైనవే. కాని మహదేవ్ వ్యవహారం సాగినది కూడా జూదం నేరమైన దేశంలోనేనన్నది మరువరాదు.

రేటింగులు అమ్మేవారి విషయంలో చేయవలసిన పని మరింత సులభం. చెప్పిన ప్రతి గుర్రం పేరు, ఆ రోజు దాని ధర, ఫలితం, పన్ను పోగా మిగిలిన మొత్తం - వీటిని పందెం ముగిసిన వెంటనే, గెలిచినవీ ఓడినవీ కలిపి, ప్రచురించాలన్న షరతు విధిస్తే చాలు. బెంటర్ తన ఐదేళ్ల ఫలితాలను 1994 పత్రంలో చూపాడు. గెలుపు ఖాయమని నెలవారీ చందాలు వసూలు చేసేవారికి అదే కొలబద్ద వర్తింపజేయడంలో అన్యాయం లేదు. 112 తెచ్చే సూత్రం నిజంగా చేతిలో ఉన్నవాడు దాన్ని కొన్ని వందలకు నలుగురికి ఎందుకు పంచుతున్నాడని చందాదారు అడగాలి. నలుగురూ అదే గుర్రం మీద కాస్తే 320 కాస్తా 250కి పడిపోతుంది. టోట్ పందేలలో రహస్యం పంచుకున్నకొద్దీ దాని విలువ తరిగిపోతుంది.

జీఎస్టీ మండలి ముందున్న ప్రత్యామ్నాయం కూడా ఇదే ఉదాహరణతో చూడవచ్చు. 40 శాతం రేటును అలాగే ఉంచి, 100 రూపాయల ముఖవిలువకు బదులు నిర్వాహకుడు మినహాయించుకునే 20 రూపాయల మీద విధిస్తే పన్ను 8 రూపాయలు. పందెందారు జేబు నుంచి పోయేది 108. జనం దారినే పోయేవాడికి 80 తిరిగొస్తాయి, అంటే వాడు ఓడుతూనే ఉంటాడు. రికార్డులు తిరగేసి, లెక్కగట్టి, పది శాతం తేడా పట్టుకోగలిగినవాడికి 112 వస్తాయి. నాలుగు రూపాయలు మిగులుతాయి. ఫోను బుకీ నుంచి ఈ రోజు ఖజానాకు చేరుతున్నది సున్నా.